శనివారం కొనకూడని కారు

మా అమ్మ శనివారం ఇంట్లోకి ఇనుము రానివ్వదు. సూది కూడా కొనదు. మేకులు, తాళం కప్ప, అట్ల పెనం, ఏది కావాలన్నా ఆదివారం దాకా ఆగాల్సిందే. ఇది మా ఒక్క ఇంటి పట్టింపు కాదు. భీమిలిలో మా వీధి చివర హార్డ్‌వేరు కొట్టతను శనివారాలు పైపులూ రంగు డబ్బాలూ అమ్ముకుంటాడు గానీ మేకుల డబ్బా మూత తీయాల్సిన పని పడదు. వైజాగ్ నగరానికి ఆ చివర అంత పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ పెట్టుకుని, రాత్రీ పగలూ ఇనుము కరిగించే జనమే శనివారం పూట మేకు కొనడానికి జంకుతారు. నాకు కారు కొనాల్సి వచ్చినప్పుడు, వెతకడానికి మాకు దొరికిన రోజు శనివారం ఒక్కటే.

కారు నాకు సరదాకి కాదు. ఇంటర్ చదివేటప్పుడు నేనెక్కిన ఆటో తిరగబడి ఎడమ మోకాలు నుజ్జయింది. ఆపరేషన్లయ్యాక నడుస్తున్నాను, చేతికర్రతో. ఆ కాలు పూర్తిగా మడవలేను, దాంతో బలంగా దేన్నీ తొక్కలేను. మధురవాడలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ తీసుకున్నాను. పొద్దున్న భీమిలి నుంచి వచ్చే బస్సులు ఎలా ఉంటాయో అటు తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు. మెట్టు ఎత్తు, జనం తొక్కిసలాట. డ్రైవర్లు ఆగేవాళ్లు ఆగేవాళ్లే, కానీ నేను మెట్టు దగ్గరికి చేరేలోగా వెనక నుంచి హారన్లు మొదలయ్యేవి. వారంలో ఒకట్రెండు రోజులు బస్సు ఎక్కలేక ఇంటికి తిరిగొచ్చేసేదాన్ని. మా ల్యాబులన్నీ మొదటి పీరియడ్‌లోనే. ప్రాక్టికల్స్‌కి హాజరు ఇలాగే తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వడం కష్టమని మా మేడం ఆఖరి సంవత్సరం మొదట్లోనే చెప్పేశారు.

మా నాన్నకి భీమిలిలో చిన్న కిరాణా కొట్టు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒకరోజు కొట్టు మూసి వచ్చి, ఇంత అవస్థ ఎందుకు, ఫిజిక్స్ మానేసి దూరవిద్యలో బీఏ కట్టేద్దాం, ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు అన్నారు. ప్రేమతోనే అన్నారు. నేను మాత్రం ఒప్పుకోలేదు. ఫిజిక్స్ ఇంట్లో కూర్చుని చదివేది కాదు. స్పెక్ట్రోమీటరుకి కన్ను ఆనించి గీత మీదికి గీత తెచ్చుకోవాలి, తప్పు రీడింగు వస్తే మళ్లీ మొదటి నుంచి చేయాలి. అది లేకపోతే నాకు ఆ డిగ్రీతో పనే లేదు. యాక్సిడెంటు తాలూకు పరిహారం అప్పటికి కొత్తగా చేతికొచ్చింది. దాంతో పాత కారు కొందాం, నేనే నడుపుకుంటాను అన్నాను. నాన్న ఆలోచించి, నెలాఖరులోగా మంచిది దొరికితే సరే, లేకపోతే దూరవిద్యే అన్నారు.

క్లచ్ తొక్కలేను కాబట్టి క్లచ్ లేని ఆటోమేటిక్ బండే కావాలి. మధురవాడలో ఒక డ్రైవింగ్ స్కూల్లో అలాంటిది ఒకటి ఉండేది. అంతకుముందు వేసవి సెలవుల్లోనే దాని మీద నేర్చుకుని, డాక్టరు కాగితం చూపించి లైసెన్సు తీసుకున్నాను. కానీ పాత కార్లలో ఆటోమేటిక్‌లు తక్కువ, పైగా సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ అంటే అందరూ తల అడ్డంగా ఊపేవాళ్లే.

అయినా కొందామనే ధైర్యం నాకు లైబ్రరీ ఇచ్చింది. కాలికి కట్టుతో కాలేజీ మానేసి ఉన్న రోజుల్లో మా ఊరి శాఖా గ్రంథాలయమే నాకు కాలక్షేపం. పొద్దున్నే పేపర్ల కోసం వచ్చే పెద్దవాళ్ల మధ్య ఒక మూల కుర్చీ నాకని ఉండిపోయింది. కథలూ నవలలూ అయ్యాక మిగతా బీరువాలు తెరిచాను. తేనెటీగల పెంపకం, తోళ్లు శుద్ధి చేయడం, పాలపొడి తయారీ, ఏదుంటే అది చదివాను. వాటిలోనే ఐటీఐ పిల్లల కోసం రాసిన మోటారు మెకానిజం పుస్తకం ఒకటి దొరికింది. అట్ట ఊడిపోయింది, బొమ్మలు మాత్రం బాగున్నాయి. అది రెండుసార్లు చదివి, బొమ్మలన్నీ తెల్లకాగితం మీద వేసుకున్నాను. అందులో ఆటోమేటిక్ కారు ఊసే లేదు, అంత పాతది. కానీ క్లచ్ ఎలా పనిచేస్తుందో అంత తేలిగ్గా మరెక్కడా చదవలేదు. రెండు పళ్లేలు, ఒకటి ఇంజనుతో తిరుగుతుంది, రెండోది చక్రాల వైపు ఉంటుంది, రెండూ అతుక్కుంటే బండి కదులుతుంది. తక్కువ ధర ఆటోమేటిక్ కార్లలో మామూలు గేరుబాక్సుకే చిన్న మోటారు తగిలించి, మనం కాలితో చేసే పని దానిచేత చేయిస్తారని తరువాత ఫోన్లో చదివినప్పుడు, ఎవరూ చెప్పకుండానే నాకు మొత్తం బోధపడింది. లోపల ఉన్నది ఆ రెండు పళ్లేలే. కాలు మారింది, అంతే. ఇది నాకు నేనుగా తెలుసుకున్నానని ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

మా బావ, అంటే మా అక్క భర్త, రుషికొండ ఐటీ ఆఫీసులకి క్యాబ్ నడుపుతాడు. ఆఫీసులకి సెలవు కాబట్టి శనివారం ఖాళీ. ఆదివారం పెళ్లిళ్లూ ఎయిర్‌పోర్టు ట్రిప్పులూ ఉంటాయి. నాకు శనివారం ఒంటిపూట కాలేజీ. అందుకని మధ్యాహ్నం కాలేజీ గేటు దగ్గర నన్ను ఎక్కించుకుని బళ్లు చూడ్డానికి తీసుకెళ్లేవాడు. అమ్మ ముందే హెచ్చరించింది. చూడండి, నడపండి, బేరమాడండి, కానీ శనివారం ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వడానికి వీల్లేదు. బావ ఈ విషయంలో అమ్మకంటే ఒక ఆకు ఎక్కువే చదివాడు. ఇంజన్ ఆయిల్ కూడా శనివారం కొనడు.

మొదటిది రుషికొండలో సముద్రానికి ఎదురుగా ఉన్న అపార్టుమెంటులో. ఒక సాఫ్ట్‌వేరు కుర్రాడిది. ఏళ్ల తరబడి ఇంటి నుంచే పని చేశాడట, కారు తీసిందే లేదట. మీటరు మీద తిరిగిన దూరం చూసి బావ కళ్లు మెరిశాయి. తెల్లటి బండి, కడిగిన ముత్యంలా ఉంది. బావ నాలుగు టైర్లూ కాలితో తన్ని, తలుపు రెండుసార్లు వేసి ఆ చప్పుడు విని, తల ఊపాడు. ఆయన పరీక్ష అయిపోయినట్టే.

నేను డిక్కీ తెరిపించి కింద పరిచిన కార్పెట్టు ఎత్తాను. స్టెప్నీ టైరు కూర్చునే గుంటలో గోధుమరంగు తుప్పు పొడి. వేలితో నొక్కితే రేకు పొరలుగా లేచింది. ముందు సీటు కింద, సీటుని నేలకి బిగించే బోల్టులూ అంతే. తిరగని బండి మంచిదని అందరూ అనుకుంటారు. ఉప్పు గాలికి ఎదురుగా ఏళ్లు నిలబెట్టిన బండి తిరిగిన దానికంటే ఎక్కువ అరుగుతుంది. ఇది పుస్తకంలో చదివిందీ ఉంది, భీమిలిలో మా కిటికీ ఊచల్ని చూసి నేర్చుకున్నదీ ఉంది.

బయటికొచ్చాక బావ మొహం ముడుచుకున్నాడు. "ఏటి మరదలా, పెళ్లికొడుకుని సూడ్డానికొచ్చి పళ్లు లెక్కెట్టినట్టు సేత్తన్నావ్."

పళ్లు బాగోలేవు మరి అన్నాను. బావ విసురుగా క్యాబ్ స్టార్ట్ చేశాడు.

రెండోది మధురవాడ హైవే పక్కన పాత కార్లు అమ్మే షెడ్డులో. వరసగా బళ్లు నిలబెట్టి, మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు యజమాని. మాట్లాడినంతసేపూ బావతోనే. నేను ఏది అడిగినా జవాబు బావ వైపు తిరిగి చెప్పేవాడు. శనివారం కాబట్టి వేరే బేరాలు లేవు, మాకు తీరిక. మేము ఫోన్ చేసి అడిగిన ఆటోమేటిక్ బండి షెడ్డు లోపలి నీడలో ఉంది. తాళం తిప్పగానే చిటుక్కున స్టార్టయింది. యజమాని చేతులు కట్టుకుని, చూశారా అన్నట్టు నవ్వాడు. నేను ఇంజను ఆపించి బానెట్టు మీద చెయ్యి వేశాను. వేడిగా ఉంది. ఎండ వేడమ్మా అన్నాడాయన, మొదటిసారి నాతో మాట్లాడుతూ. పక్కన అదే నీడలో ఉన్న బండి మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. మేము వచ్చేముందే దీన్ని స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టారు. చల్లారిన ఇంజను మొదటిసారి ఎలా లేస్తుందో చూడాలి, దాని రోగాలన్నీ అప్పుడే బయటపడతాయి. సాయంత్రం దాకా ఆగుతాం, చల్లారాక చూస్తాం అన్నాను. కొట్టు కట్టేస్తాం అన్నాడు. మేము లేచాము.

ఆ తరువాతి వారం బావ తన ఆలోచన చెప్పాడు. తన స్నేహితుడి దగ్గర మామూలు గేర్ల డీజిల్ బండి ఉంది. బావ చేతిలో నలిగినదే, దాని లోపలా బయటా తెలుసు. అది తీసుకుంటే పొద్దున్న తానే నన్ను దింపుతాడు, సాయంత్రం తానే తెస్తాడు. నాన్నకి ఈ మాట నచ్చింది. అమ్మకి ఇంకా నచ్చింది. అందరూ నా వైపు చూస్తుంటే నేను ఒక్కటే అడిగాను.

"నువ్వు రాలేని రోజు నేనేం చెయ్యాలి బావా?"

ఐటీ ఆఫీసుల వాళ్లు షిఫ్టు మార్చిన రోజుల్లో బావ తన ఇంటి భోజనానికే రాలేడు. ఆ సంగతి అందరికన్నా మా అక్కకి బాగా తెలుసు. అక్కే అంది, ఆ డీజిల్ బండి వద్దు, దాని బండి దాన్ని ఎతుక్కోనీయండి అని.

నెలలో మిగిలింది ఒక్క శనివారం. ఆ రోజు గాజువాక దాటి స్టీల్‌ప్లాంటు వైపు వెళ్లాము. వైజాగ్‌లో పాత బండి కొనేవాళ్లకి స్టీల్‌ప్లాంటు ఉద్యోగి బండి అంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చన్న నమ్మకం. ఒక్క చేతి మీద నడుస్తుంది, రోజూ తుడుస్తారు, సర్వీసు తప్పించరు అని. నేను కళ్లు తెరిచే చూద్దామనుకున్నాను. బండి అమ్ముతున్నది, ప్లాంటులో రిటైరై క్వార్టర్సు ఖాళీ చేసి, కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్న దంపతులు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన కొలిమి దగ్గర పనిచేశారట. ఆవిడ టీచరు. కారు ఆవిడది, నడిపిందీ ఆవిడే. ఇప్పుడు చూపు తగ్గి, డాక్టరు నడపొద్దన్నాడు. ఆయనకి డ్రైవింగే రాదు.

రేకుల షెడ్డులో ఉంది కారు. చిన్నది, ఆకాశం రంగుది, ఒక తలుపు మీద గీత. బానెట్టు చల్లగా ఉంది. స్టెప్నీ గుంట శుభ్రంగా ఉంది, సీటు బోల్టులకి రంగు పోలేదు. మొదటిసారికే స్టార్టయింది, ఒక్క క్షణం వణికి సర్దుకుంది. సీట్లకి ఆవిడ స్వయంగా కుట్టిన నీలం చారల నూలు కవర్లు.

నడిపి చూస్తాను అన్నాను. ఆయన నా చేతికర్ర వైపు చూసి, బావ వైపు చూశారు. బావ తాళం కోసం చెయ్యి చాచేశాడు. ఆవిడ మాత్రం నేరుగా వచ్చి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. మగాళ్లిద్దరూ వెనక ఎక్కారు.

కాలనీ దాటాక రోడ్డు నిటారుగా ఎక్కే చోటు ఉంది. సగం ఎక్కాక ఆపమన్నారు ఆవిడ. ఆపాను. ఇప్పుడు కదిలించు అన్నారు. బ్రేకు వదిలితే బండి వెనక్కి జారింది, వెనక నుంచి బావ నా సీటు గట్టిగా పట్టుకున్నాడు.

ఆవిడ కంగారు పడలేదు. "హ్యాండ్ బ్రేకు వేసే ఉంచు. యాక్సిలరేటర్ తొక్కు. ముందుకి లాగుతున్నట్టు నీకు తెలిశాకే వదులు. నేను ఇన్నేళ్లూ ఇలాగే ఎక్కించాను."

అలాగే చేశాను. బండి ఎక్కింది. కానీ ఎక్కేటప్పుడు సన్నగా అదిరింది, ఇంజను చప్పుడు పెరిగినంతగా వేగం పెరగలేదు. రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు ఒక కుదుపు. నా పళ్లేలు గుర్తొచ్చాయి. క్లచ్ సగం పైగా అరిగింది, ఏడాది లోపు మార్చాలి అన్నాను, అద్దంలో బావని చూస్తూ. అంతకుముందే మెకానిక్ చెప్పాడని ఆవిడ ఒప్పుకున్నారు. ధరలో అది తగ్గించే చెప్పామన్నారు.

తిరిగొచ్చాక బావ నన్ను పక్కకి లాగాడు. "రోగం ఉందని తెలిసి ఎవుడైనా కొంటాడేటి?"

తెలియని రోగం కంటే తెలిసిన రోగం నయం అని చెప్పాను. తుప్పు పట్టిన రేకుని ఎవరూ కొత్తది చేయలేరు. క్లచ్ మారిస్తే కొత్తదవుతుంది. ఈ బండి నన్ను దారిలో వదిలేసే ముందు అదురుతుంది, నాకు ఆ సంగతి తెలుస్తుంది. అన్నిటికన్నా, దీన్ని నేను ఎత్తు ఎక్కించగలిగాను. బావ చాలాసేపు కారు చుట్టూ తిరిగాడు. ఈసారి టైర్లు తన్నలేదు.

అప్పుడు వచ్చింది చిక్కు. అనకాపల్లి నుంచి ఇంకొకరు ఆదివారం తెల్లారేసరికి డబ్బుతో వస్తామన్నారట. మీరు ఇవాళ అడ్వాన్సు ఇచ్చి ఖాయం చేసుకుంటే వాళ్లకి వద్దని చెప్పేస్తాం, లేకపోతే ముందొచ్చినవాళ్లకి ఇవ్వక తప్పదు అన్నారాయన. న్యాయమైన మాటే. బావ నీళ్లు నమిలి, ఇవాళ శనివారం కదండీ అన్నాడు.

ఆయన నవ్వారు. "ఏంటండీ మీరు, నేను శనివారాలన్నీ ఇనుము మధ్యనే బతికాను. నాకేం కాలేదు."

చేయడం వేరు, కొనడం వేరండీ అన్నాడు బావ. ఆయన ఇంటి మనిషిలా తల ఊపి, అదీ నిజమే, మా ఇంట్లోనూ కొనం అన్నారు. అమ్మడానికైతే పట్టింపు లేదట.

నేను అమ్మకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. కారు సంగతంతా చెప్పాను. శనివారం ఇనుమేటే, రేపు పొద్దున్నే ఎల్లండి అంది. రేపటికి ఉండదమ్మా అన్నాను. పుస్తకాల్లో చదివిందంతా వల్లించి, శని గ్రహానికీ లోహానికీ సంబంధం లేదని వాదించగలను. అప్పటికి నేను చాలా చదివేశాను. కానీ అమ్మని చదువుతో ఓడిస్తే నేను ఆ బండి ఎక్కిన ప్రతిసారీ తను గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ నిలబడుతుంది. అందుకని ఉన్నమాట చెప్పాను.

"అమ్మా, ఇది పోతే సోమవారం నాన్న దూరవిద్య ఫారం తెస్తారు. నా ల్యాబు అయిపోయినట్టే."

అటు పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది. తరువాత అమ్మ అడిగింది.

"సీట్లకి కవర్లున్నాయేటి?"

ఉన్నాయమ్మా, నూలువి, అన్నాను.

"అయితే వాటికి ఇచ్చీండి అడ్వాన్సు. గుడ్డ కొంటే దోషమేటుంది? ఇనుము రేపు కొందాం."

స్టీల్‌ప్లాంటాయన ముందు అర్థం కానట్టు చూసి, తరువాత పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక వెంటనే అనకాపల్లి వాళ్లకి ఫోన్ చేసి, బండి కుదిరిపోయిందండీ, ఏమీ అనుకోకండి అన్నారు. బావ వసారాలో నిలబడి, ఇది సీటు కవర్లకండీ అని పైకి ఒకసారి స్పష్టంగా చెప్పి డబ్బు ఆయన చేతిలో పెట్టాడు. ఎవరు వినాలని అంత గట్టిగా చెప్పాడో నేను అడగలేదు. కొన్నవి ఇంటికి తేవాలని అమ్మ పట్టుబట్టింది కాబట్టి, టీచరుగారూ నేనూ కూర్చుని కవర్లన్నీ విప్పి మడత పెట్టాము. భీమిలి దాకా ఆ మూట నా ఒళ్లోనే ఉంది.

ఆదివారం బావ ఎయిర్‌పోర్టు ట్రిప్పు ఇంకొకరికి అప్పజెప్పి వచ్చాడు. నాన్న కూడా కొట్టు మూసుకుని వచ్చారు. మిగతా డబ్బు ఇచ్చి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, కవర్లు మళ్లీ తొడిగి బండి తెచ్చాము. మేము బయల్దేరేటప్పుడు టీచరుగారు ఒకటే చెప్పారు, సముద్రం పక్కన పెడతావు కాబట్టి వారానికోసారి అడుగున మంచినీళ్లతో కడుగు అని. అది నేను ముందే అనుకున్నాను, అయినా చెప్పించుకున్నాను.

సోమవారం పొద్దున్న అమ్మ హారతి ఇచ్చి నిమ్మకాయలు పెట్టింది. మొదటిరోజు ఒంటరిగా పంపనన్నారు నాన్న. బావకి మధ్యాహ్నం దాకా షిఫ్టు లేదు, పక్కన కూర్చున్నాడు. బీచి రోడ్డు ఎక్కేదాకా నాకు పాఠం చెప్పాడు, ఎడమ పక్క ఆటో, ముందు గేదెలు, హారన్ కొట్టు, కొట్టకు. మంగమారిపేట వచ్చేసరికి మాటలు తగ్గాయి. తొట్లకొండ కింద ఎత్తులో లారీ ఆగిపోయి, దాని వెనక నేనూ ఆగాల్సి వచ్చింది. హ్యాండ్ బ్రేకు వేసి, తొక్కి, ముందుకి లాగేదాకా ఆగి వదిలాను. బావ ఏమంటాడోనని పక్కకి చూస్తే, తల కిటికీకి ఆనించి నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

కాలేజీలో చెట్టు నీడన ఆపాను. ఇంజను ఆగాక ఉలిక్కిపడి లేచాడు.

"వొచ్చీసినామా? దారిలో ఏటైనా అందేటి బండి?"

రెండు నుంచి మూడుకి కుదిపింది, అంతే అన్నాను.

"అది కుదుపుతాదిలే," అని సీటు వెనక్కి వాల్చుకుని మళ్లీ కళ్లు మూసుకున్నాడు. అద్దం కొంచెం దించి, చేతికర్ర తీసుకుని నేను ల్యాబుకి నడిచాను. గది తలుపులు ఇంకా తీయలేదు. తాళాలు తెచ్చే అటెండరు కోసం వరండాలో నిలబడ్డాను.